కొత్త కారుకు మొదటి వెయ్యి కిలోమీటర్లు

విజయవాడ ఇంద్రకీలాద్రి దగ్గరో, అన్నవరం కొండ మీదో, ఊళ్ళో ఆంజనేయస్వామి గుడి ముందో మంచిరోజు చూసి నిలబడితే కొత్త కారు ఒకటైనా కంటపడుతుంది. బానెట్ మీద పసుపుతో గీసిన స్వస్తిక్, ముందు అద్దం మీదుగా బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పూజారి హారతి ఇచ్చి కొబ్బరికాయ కొట్టగానే బండి కదులుతుంది, నిమ్మకాయలు చితుకుతాయి, ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ఇక ఆ వారంలోనే తిరుపతి ప్రయాణం. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, నున్నటి జాతీయ రహదారి మీద గంటల తరబడి ఒకే వేగం, చివర్లో ఘాట్ రోడ్డు.

సరిగ్గా ఈ ప్రయాణం గురించే చెప్పే పేజీ ఒకటి ఆ కారులోనే ఉంటుంది. కాకపోతే అది గ్లవ్‌బాక్సులో, ప్లాస్టిక్ కవరు విప్పని యజమాని పుస్తకంలో ఉంటుంది. మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని ఎలా నడపాలో కంపెనీ అందులో అచ్చు వేసి మరీ ఇస్తుంది. మెకానిక్కులు దీన్ని ‘రన్నింగ్ ఇన్’ అంటారు. ‘ఇంజన్ సెట్ అవ్వాలండీ’ అని షోరూములో చెప్పేదీ దీని గురించే.

దీని మీద జనంలో స్థిరపడిన నమ్మకం ఒకటుంది: కొత్త బండిని మెల్లగా నడిపితే చాలు. ఇది సగమే నిజం. మెల్లగా నడపడం కూడా ఒక్కోసారి ఇంజన్‌కు చేటే. కొత్త ఇంజన్‌కు కావాల్సింది మార్పు. వేగంలో మార్పు, బరువులో మార్పు, గేరులో మార్పు. ఆటోమేటిక్ కారులో ఆ మార్పును యంత్రమే చాలావరకు చూసుకుంటుంది. మాన్యువల్ గేర్ల కారులో ఆ పని నడిపేవారి ఎడమకాలిదీ, ఎడమచేతిదీ. అందుకే ఈ వెయ్యి కిలోమీటర్లలో బండితో పాటు దాన్ని నడిపే మనిషికీ అలవాట్లు ఏర్పడతాయి.

సిలిండర్ లోపల జరిగేది

ఇంజన్ సిలిండర్ గోడ చూపుకు అద్దంలా ఉండాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ఫ్యాక్టరీలో దాని మీద కావాలనే సన్నని గీతలు గీస్తారు. ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటుకుంటూ వల అల్లినట్టుండే ఆ గీతలను సానరాళ్ళున్న పనిముట్టుతో తీస్తారు. ఆ పనికి హోనింగ్ అని పేరు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. పిస్టన్ నిమిషానికి వేలసార్లు కిందికీ పైకీ పరుగెడుతున్నా లోహం లోహాన్ని రాయకుండా కాపాడేది ఆ ఆయిలే.

పిస్టన్ చుట్టూ సాధారణంగా మూడు రింగులుంటాయి. పై రింగు మండిన వాయువు కిందికి జారిపోకుండా ఆపుతుంది. మూడోది గోడ మీది మిగులు ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. నడిమిది ఈ రెండు పనుల్లోనూ చేయి వేస్తుంది. ఒకచోట కోత ఉండి, దానంతట అదే బయటికి విచ్చుకునే ఈ రింగు చాలా పాత ఆవిష్కరణ. ఆవిరియంత్రాల కాలంలో జాన్ రామ్స్‌బాటమ్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు దీన్ని రూపొందించి, దాని లాభాలను 1854లో అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంస్థ ముందు వివరించాడు. నేటి కార్లలోనూ అదే సూత్రం నడుస్తోంది.

కొత్త రింగు, కొత్త గోడ ఒకదానికొకటి అప్పటికి పరాయివే. సూక్ష్మదర్శినిలో చూస్తే రెండింటి మీదా మిట్టలూ పల్లాలూ కనిపిస్తాయి. మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో ఆ మిట్టల మొనలు అరిగి, రింగు గోడకు చుట్టూ ఒకేలా ఆనుకుంటుంది. కొత్త గ్రైండర్ కొన్నప్పుడు ఇళ్ళలో ఏం చేస్తారో గుర్తు చేసుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మొదటిరోజే ఇడ్లీపిండి రుబ్బరు. తవుడో, పాత బియ్యమో వేసి తిప్పి, రాతిపొడి పోయాక కడిగి వాడతారు. ఇంజన్‌లో ఆ పొడిని మోసుకుపోయేది ఆయిల్, పట్టి ఉంచేది ఆయిల్ ఫిల్టర్.

అసలు కీలకం ఇక్కడుంది. రింగును గోడకు గట్టిగా నొక్కేది దాని సొంత స్ప్రింగు బలం ఒక్కటే కాదు. ఇంధనం మండినప్పుడు పుట్టిన వాయువు రింగు వెనక్కి చేరి దాన్ని బయటికి తోస్తుంది. యాక్సిలరేటర్ ఓ మోస్తరుగా నొక్కి, బండి మీద కొంత బరువు పడినప్పుడే ఆ తోపుడు చాలినంతగా ఉంటుంది. బండిని గంటల తరబడి ఐడిలింగ్‌లో ఉంచినా, కాలు ఆనీ ఆనకుండా నడిపినా రింగు గోడకు సరిగా ఒదగదు. అప్పుడు ఆయిల్ గోడ మీదే మాడి నున్నటి గట్టిపూతగా మారే ప్రమాదం ఉంది. మెకానిక్కులు దీన్ని గ్లేజింగ్ అంటారు. ఒకసారి ఆ పూత పట్టిందంటే గీతలు పూడిపోతాయి. ఇంజన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

అలాగని మొదటిరోజే పెడల్‌ను అడుగంటా తొక్కడం కూడా పనికిరాదు. ఇంకా అరగని మిట్టలు ఎక్కువ వేగంతో రాసుకుంటే అక్కడ వేడి పెరుగుతుంది. ఆయిల్ పొర తెగిపోతే లోహం లోహాన్ని గీకుతుంది. కొత్త ఇంజన్‌ను మొదట్నుంచే గట్టిగా నడపాలనేవారికీ, మెత్తగా నడపాలనేవారికీ మధ్య ఉన్న పాత వాదన తెగేది ఇక్కడే. రింగులకు ఒత్తిడి కావాలి, మిగతా భాగాలకు ఓర్పు కావాలి. మధ్యస్థమైన వేగంలో, నడుమ నడుమ కొంచెం బలంగా యాక్సిలరేటర్ ఇచ్చి, మళ్ళీ కాలు తీసి బండిని గేరులోనే నెమ్మదించనిస్తే రెండూ నెరవేరతాయి. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో గాలి పలచబడి, గోడల మీదికి కాస్త ఎక్కువ ఆయిల్ చేరుతుంది.

పుస్తకాల్లో ఉన్నది

సుజుకీ యజమాని పుస్తకాలు మొదటి 960 కిలోమీటర్లను ప్రత్యేకంగా చూస్తాయి. 960 అనే ఈ వింత అంకె 600 మైళ్ళ లెక్కలోంచి వచ్చింది. అందులోని సూచనలు సూటిగా ఉంటాయి: ఎక్కువసేపు ఒకే వేగంతో పోవద్దు, వేగం మారుస్తుంటే కదిలే భాగాలు బాగా కుదురుకుంటాయి, ఆగిన చోటి నుంచి నెమ్మదిగా బయల్దేరండి, మొదటి 320 కిలోమీటర్లు గట్టి బ్రేకులు వద్దు, పై గేరులో పెట్టి మెల్లగా నడపవద్దు.

ఈ చివరి సూచన మన రోడ్లకు బాగా అవసరం. మైలేజీ కోసం 30 వేగంలోనే నాలుగో గేరు వేయడం, 40లో అయిదోది వేయడం చాలామందికి అలవాటు. చిన్న పెట్రోల్ కార్లు చాలావాటిలో అయిదో గేరులో 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) రావాలంటే 60, 70 కిలోమీటర్ల వేగం ఉండాలి. 40లో అదే గేరు వేస్తే ఇంజన్ 1,200 దగ్గర గునుస్తూ ఉంటుంది. యాక్సిలరేటర్ నొక్కితే బండి అదురుతుంది తప్ప కదలదు. ఇంజన్ తిరుగుడు తక్కువ, మీద పడే బరువు ఎక్కువ. బేరింగుల్లో ఆయిల్ పొర పలచబడేది అప్పుడే. కొత్త బండికి 5,000 ఆర్‌పీఎం ఎంత చెడుపో, ఈ గునుపూ అంతే చెడుపు.

హ్యుందాయ్, కియా పుస్తకాల తీరు వేరు. ప్రత్యేకమైన రన్నింగ్ ఇన్ అక్కర్లేదని మొదలుపెట్టి, ఆ వెంటనే మొదటి 1,000 కిలోమీటర్లకు జాగ్రత్తలు వరుసగా చెబుతాయి. ఇంజన్‌ను రేజ్ చేయవద్దు. 2,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. ఒకే వేగంతో చాలాసేపు పోవద్దు. ఒక విడతలో 3 నిమిషాలకు మించి ఐడిలింగ్‌లో వదలవద్దు. కియా కార్లు తెలుగు నేల మీదే తయారవుతున్నాయి. అనంతపురం ప్రాంతంలోని పెనుకొండ మండలం, ఎర్రమంచి దగ్గరి కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది. అక్కడి నుంచి బయటికొచ్చే మాన్యువల్ కార్లకు వర్తించేదీ ఈ 2,000–4,000 నియమమే. మీటర్ల పలకలో ఎడమవైపో కుడివైపో ఉండే ఆర్‌పీఎం ముల్లును ఆ వెయ్యి కిలోమీటర్లూ వేగం ముల్లు కంటే ఎక్కువగా గమనించడం మంచిది.

టొయోటా మొదటి 300 కిలోమీటర్లు ఒక్కసారిగా ఆపవద్దంటుంది. మొదటి 1,000 కిలోమీటర్లు మరీ ఎక్కువ వేగం, హఠాత్తుగా వేగం పెంచడం, అదేపనిగా కింది గేర్లలో నడపడం, ఎక్కువసేపు ఒకే వేగం కూడదంటుంది. హోండా మరో ముఖ్యమైన సంగతి చేరుస్తుంది: ఫ్యాక్టరీలో పోసిన ఆయిల్‌ను షెడ్యూలు కంటే ముందు మార్చవద్దు. ‘లోపల లోహపు పొడి ఉంటుంది, 500 కిలోమీటర్లకే ఆయిల్ మార్పించు’ అని సలహా ఇచ్చే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఆయన అనుభవం పాత ఇంజన్లది. కంపెనీ వద్దన్నచోట ఆ సలహా పాటించనక్కర్లేదు.

కంపెనీయే మార్చి తీరాలనే కార్లు కూడా ఉన్నాయి. బీఎండబ్ల్యూ ఎం2కు భారతదేశంలో 2023 నుంచి మాన్యువల్ గేర్‌బాక్స్ ఎంచుకునే వీలుంది. ఈ తరగతి కార్లలో మొదటి 2,000 కిలోమీటర్లు 5,500 ఆర్‌పీఎం, 170 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆపైన ఒక ప్రత్యేక సర్వీసు చేయించాలి. అందులో ఇంజన్ ఆయిల్‌తో పాటు వెనక ఇరుసులోని డిఫరెన్షియల్ ఆయిల్ కూడా మారుస్తారు. అందుకే పక్కింటివారి కారు నియమాన్ని తెచ్చి సొంత కారుకు తగిలించకూడదు. ఏ కారుకు ఆ కారు పుస్తకమే ప్రమాణం.

‘రన్నింగ్ ఇన్, ప్లీజ్ పాస్’

తాతల కాలంలో ఇది ఇంతకంటే పెద్ద తతంగం. బ్రిటన్‌లో కొత్త కారు కొన్నవారు వెనక అద్దానికి ‘రన్నింగ్ ఇన్, ప్లీజ్ పాస్’ అని రాసి పెట్టుకునేవారు. ‘ఇంజన్ కొత్తది, వేగంగా పోలేను, దాటిపొండి’ అని వెనకవారికి మనవి. అప్పటి యంత్రాలు సిలిండర్లను నేటి యంత్రాలంత కచ్చితంగా చెక్కలేకపోయేవి. ఆయిళ్ళలో అరుగుదలను ఆపే మందులు అంతంతమాత్రం. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన పనిని యజమాని రోడ్డు మీద పూర్తి చేసేవాడని చెప్పినా తప్పులేదు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద వచ్చిన అంబాసిడర్, ఫియట్ 1100 నుంచి వచ్చిన ప్రీమియర్ పద్మిని ఆ సంప్రదాయాన్నే మన దేశానికి తెచ్చాయి. ‘రన్నింగ్‌లో ఉంది బండి, 50 దాటొద్దు’ అనే మాట ఆ తరం డ్రైవర్ల నోట స్థిరపడింది. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్‌కు తొలి మారుతి 800 తాళాలు అందాయి. 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజన్, 4 గేర్ల మాన్యువల్ బాక్సు. మధ్యతరగతి మనిషి డ్రైవరును పెట్టుకోకుండా తానే స్టీరింగు పట్టిన రోజులు దానితో మొదలయ్యాయి. రన్నింగ్ ఇన్ బాధ్యత డ్రైవరు నుంచి యజమాని చేతికి వచ్చిందీ అప్పుడే.

ఇప్పటి ఇంజన్లలో హోనింగ్‌ను దశలవారీగా చేసి, గీతల మొనలను ఫ్యాక్టరీలోనే చదును చేసి పంపుతున్నారు. 0డబ్ల్యూ-20 వంటి పలచని ఆయిళ్ళతో నడవగలిగేంత బిగువుగా భాగాలు తయారవుతున్నాయి. అందుకే ఒకప్పటి వేల కిలోమీటర్ల దీక్ష ఇప్పుడు వెయ్యికి తగ్గింది. తగ్గిందే కానీ పోలేదు. ఇంజన్ ఎంత మారినా క్లచ్, గేర్లు, బ్రేకులు, టైర్లు కుదురుకోవడానికి వాటి సమయం వాటికి కావాలి.

ఎడమకాలి కింద ఉన్నది

మాన్యువల్ కారులో కొత్తదనం ఎక్కువగా తెలిసేది క్లచ్‌లోనే. ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య రాపిడి పూత ఉన్న పళ్ళెం ఒకటి ఇరుక్కుని ఉంటుంది. పెడల్ నొక్కితే పట్టు వదులుతుంది, వదిలితే పట్టుకుంటుంది. కొత్తలో ఆ పూత అంతటా సమానంగా ఆనదు. కొన్నిచోట్ల మాత్రమే తగిలి, ఆ కొన్నిచోట్లే వేడెక్కుతుంది. బీఎండబ్ల్యూ పుస్తకాలు క్లచ్ పూర్తి స్థాయికి రావడానికి దాదాపు 500 కిలోమీటర్లు పడుతుందంటాయి.

ఆ 500 కిలోమీటర్లు కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా సాయంత్రం ట్రాఫిక్కులో గడిస్తే? అడుగడుక్కీ హాఫ్ క్లచ్. బండి జానెడు జరగడం, ఆగడం, మళ్ళీ జానెడు. పళ్ళెం సగం పట్టి సగం జారుతున్నంతసేపూ ఇంజన్ శక్తి వేడిగా మారుతూనే ఉంటుంది. కాలిన వాసన వచ్చిందంటే పూత అప్పటికే మాడింది. దీనికి విరుగుడు తేలికే: ముందు బండితో పాటే అంగుళం అంగుళం జరగకుండా కాస్త ఖాళీ ఏర్పడనిచ్చి, మొదటి గేరులో క్లచ్ పూర్తిగా వదిలి ఆ దూరం పోవాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేసి కాలు తీసేయాలి. క్లచ్ నొక్కిపట్టి కూర్చుంటే లోపలి రిలీజ్ బేరింగు అరుగుతుంది. ఫ్లైఓవర్ ఎక్కుడులో బండి వెనక్కి పోకుండా హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడం గొప్ప నైపుణ్యమని కొందరనుకుంటారు. ఆ పని చేయడానికి హ్యాండ్‌బ్రేక్ ఉంది. చాలా కొత్త కార్లలో హిల్ హోల్డ్ కూడా రెండు క్షణాలు ఆపి ఉంచుతుంది.

తొలిసారి కారు కొన్నవారికి ఇంకో చిక్కుంది. వారు నేర్చుకున్నది డ్రైవింగ్ స్కూలు బండి మీద. ఎందరో కొత్తవారి కాళ్ళు పడి అరిగిన ఆ క్లచ్ ఎక్కడో పైన పడుతుంది. సొంత కారు క్లచ్ పట్టే చోటు వేరు. ఖాళీ మైదానంలో, చదునైన నేల మీద, యాక్సిలరేటర్ జోలికి పోకుండా క్లచ్ ఒక్కటే నెమ్మదిగా వదులుతూ బండి కదిలే చోటును కాలితో గుర్తుపట్టడం మొదటి పాఠం కావాలి. నాలుగైదుసార్లు చేశాక పళ్ళెం చల్లారడానికి వ్యవధి ఇచ్చి మళ్ళీ చేయవచ్చు. ఆ చోటు తెలిసిన కాలు ఇంజన్‌ను అనవసరంగా రేజ్ చేయదు.

ఏఎంటీ కార్ల యజమానులు కూడా ఇది పట్టించుకోవాలి. 2014లో మారుతి సెలెరియోతో మన దేశంలోకి వచ్చిన ఏఎంటీలో క్లచ్ పెడల్ ఉండదు గానీ, లోపల ఉండేది మాన్యువల్ గేర్‌బాక్సూ, అదే రాపిడి క్లచ్చూ. పెడల్ నొక్కే పనిని యంత్రం చేస్తుంది, అంతే. ఎక్కుడులో యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అక్కడా మాడేది క్లచ్చే.

గేరు పడే క్షణం

గేరు మార్చేటప్పుడు వేర్వేరు వేగాలతో తిరుగుతున్న రెండు భాగాలు ఒకే వేగానికి రావాలి. లేకపోతే పళ్ళు గరగరమంటాయి. పాత లారీల డ్రైవర్లు ఆ పనిని తామే చేసేవారు. క్లచ్ నొక్కి న్యూట్రల్, వదిలి మళ్ళీ నొక్కి గేరు. వాళ్ళ భాషలో ‘డబుల్ క్లచ్’. ఈ శ్రమను తప్పించిన సింక్రోమెష్ 1928లో క్యాడిలాక్ కార్లలో తొలిసారి వచ్చింది. దాని రూపకర్త ఎర్ల్ థాంప్సన్. శంకువు ఆకారపు రింగు ఒకటి ముందుగా వెళ్ళి గేరుకు రాసుకుని, వేగాలను సమం చేసి, ఆ తర్వాతే పళ్ళను కలవనిస్తుంది.

కొత్త గేర్‌బాక్సులో ఈ రింగులు ఇంకా ఒదగవు కాబట్టి గేరు కొంచెం బిగుతుగా పడుతుంది. పొద్దున్నే, ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు మరీ మొరాయించవచ్చు. భయపడనక్కర్లేదు, బలం చూపనక్కర్లేదు. క్లచ్‌ను చివరిదాకా నొక్కి, గేరు రాడ్డును వేళ్ళతో తోసి, ఒక లిప్తకాలం ఆగితే దానంతట అదే లోపలికి జారుతుంది. ఆగిన బండిలో మొదటి గేరు పడకపోతే న్యూట్రల్‌లో క్లచ్ వదిలి మళ్ళీ నొక్కాలి. రివర్సు గేరుకు చాలా కార్లలో సింక్రోమెష్ ఉండదు. చక్రాలు పూర్తిగా ఆగాకే దాన్ని వేయాలి.

కొత్త కారు రోజుల్లోనే వదిలించుకోవాల్సిన అలవాట్లు రెండున్నాయి. ఒకటి, గేరు రాడ్డు మీద చేయి ఆనించి నడపడం. ఆ బరువు లోపలి ఫోర్కు మీద పడి, అది తిరిగే భాగాన్ని అదేపనిగా రాస్తుంది. రెండోది, క్లచ్ పెడల్ మీద కాలు ఆనించి ఉంచడం. దాని పక్కన ఎడమకాలికి విశ్రాంతి పలక ఉన్నది అందుకే.

బ్రేకులు, టైర్లు, ఘాట్ రోడ్డు

కొత్త బ్రేకు ప్యాడ్‌లు, డిస్కులు కూడా ఒకదానికొకటి అలవాటు పడాలి. ఓ మాదిరి బ్రేకులు పడుతుంటే ప్యాడ్ పదార్థం డిస్కు మీద పలుచగా, సమానంగా పరుచుకుంటుంది. ఆ తర్వాతే పూర్తి పట్టు వస్తుంది. కంపెనీలు చెప్పే 300 కిలోమీటర్ల జాగ్రత్త ఇదే. ఈలోగా అడ్డంగా ఏదైనా వస్తే మాత్రం క్షణం ఆలోచించకుండా బ్రేకు బలమంతా వాడాలి. ప్రాణం కంటే ప్యాడ్‌లు ముఖ్యం కాదు.

టైరు అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో జారుడు పదార్థం పూస్తారు. దాని జాడలు పైపొరలో కొంతకాలం మిగిలే ఉంటాయి. కాబట్టి తొలి కొన్ని వందల కిలోమీటర్లు, ముఖ్యంగా వానలో, మలుపుల దగ్గర వేగం తగ్గించాలి. డ్రైవరు తలుపు దగ్గరి స్తంభం మీద ఉండే స్టిక్కరు చూసి గాలి సరిచూసుకోవడం ఇంటికి తెచ్చిన రోజే చేయాల్సిన పని.

ఇక తిరుమల సంగతి. కొండ మీదికి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికీ, 1974లో వేసిన రెండోది ఎక్కడానికీ వాడుతున్నారు. కొత్త కారుతో వెళ్ళకూడదని ఏమీ లేదు. మొదటి 300 కిలోమీటర్లు ఊళ్ళో తిప్పి, బ్రేకులు పట్టుకు వచ్చాక బయల్దేరితే మేలు. దారిలో నాలుగో గేరు, అయిదో గేరు మార్చుకుంటూ 60 నుంచి 90 దాకా వేగాన్ని మారుస్తూ, గంటన్నరకోసారి ఆగాలి. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద 120 దాకా అనుమతి ఉన్నా, కొత్త ఇంజన్‌ను క్రూయిజ్ కంట్రోల్‌కు అప్పగించి ఒకే వేగంతో చుట్టడం ఈ వెయ్యి కిలోమీటర్లలో వద్దు. వేగం మార్చేటప్పుడు ఎడమ వరుసల్లో ఉండటం, వెనక వచ్చేవారిని అద్దంలో చూసుకోవడం తప్పనిసరి.

ఎక్కేటప్పుడు ఇంజన్ గునవకముందే కింది గేరుకు రావాలి. దిగేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్ చేసేవారున్నారు. అది ప్రమాదమే కాదు, లెక్క కూడా తప్పు. ఇంజెక్షన్ ఉన్న ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే, ఐడిలింగ్‌కు పైన ఇంజన్ తిరుగుతున్నంతసేపు ఇంధనం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజన్ ఆగకుండా ఉండటానికే పెట్రోలు కాలుతుంది. రెండో గేరులోనో, మూడో గేరులోనో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, కొత్త బ్రేకులు కాగిపోవు, రింగులకూ మంచిదే.

మైలేజీ, ఆయిల్, మొదటి సర్వీసు

మొదటి ట్యాంకు అయిపోగానే మైలేజీ లెక్కగట్టి దిగులుపడేవారు ఎందరో. ప్రకటనల్లోని అంకెలు ప్రయోగశాలలో, రోలర్ల మీద బండిని తిప్పి తీసినవి. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లే. దానికి తోడు కొత్త ఇంజన్‌లో రాపిడి ఎక్కువ. ఇంధన వినియోగమూ ఇంజన్ పనితీరూ 6,000 కిలోమీటర్ల తర్వాతే స్థిరపడతాయనీ, ఈలోగా ఆయిల్ కొంచెం ఎక్కువ ఖర్చు కావచ్చనీ కియా పుస్తకాలు ముందే చెబుతాయి.

అందువల్ల వారానికోసారి డిప్‌స్టిక్ తీసి చూడటం అలవాటు చేసుకోవాలి. చదునైన చోట బండి ఆపి, ఇంజన్ ఆపేసి కొన్ని నిమిషాలయ్యాక, పుల్ల తుడిచి మళ్ళీ ముంచి తీస్తే మట్టం రెండు గుర్తుల మధ్య ఉండాలి. పొద్దున్నే బండి స్టార్టు చేసి పది నిమిషాలు వదిలేసే అలవాటు కార్బురేటర్ల, చోకుల కాలం నాటిది. ఇప్పుడు స్టార్టు చేసి, సీటుబెల్టు పెట్టుకుని, మెల్లగా బయల్దేరి, వేడి ముల్లు లేచేదాకా 2,500 ఆర్‌పీఎం లోపు నడిపితే చాలు. అలాగని వెయ్యి కిలోమీటర్లనూ రెండేసి కిలోమీటర్ల బడి, బజారు తిరుగుళ్ళతోనే నింపకూడదు. ఇంజన్ పూర్తిగా వేడెక్కకపోతే ఆయిల్‌లో చేరిన తేమ, పెట్రోలు ఆవిరైపోవు. వారంలో ఒకరోజైనా అరగంటకు తక్కువ కాకుండా ఊరి బయట నడపాలి.

మారుతిలో మొదటి ఉచిత సర్వీసు 1,000 కిలోమీటర్లకో నెలకో, ఏది ముందైతే దానికి. రెండోది 5,000 కిలోమీటర్లకు, మూడోది 10,000కు. మొదటిదానిలో ఆయిల్ మార్చడం లేదని కొందరు దాన్ని వదిలేస్తారు. అలా వదులుకోకూడదు. వదులైన బోల్టులు, ఆయిల్ చెమరింపు, క్లచ్ పెడల్ ఆట, గేరు రాడ్డు బిగువు చూసేది అప్పుడే. వెళ్ళేముందు ఏ గేరు ఎప్పుడు గట్టిగా పడుతోందో, చప్పుడు ఏ వేగంలో వస్తోందో కాగితం మీద రాసుకుని, సర్వీసు అడ్వైజరును పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి చూపిస్తే, ‘కొత్త బండి అలాగే ఉంటుందండీ’ అనే ఒక్కమాటతో ఆయన తప్పించుకోలేరు. ఆ తర్వాతి వెయ్యి కిలోమీటర్లలో ఆర్‌పీఎం హద్దును ఒక్కసారిగా కాక, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవచ్చు.

కారు పాతబడ్డాక కూడా యజమాని పుస్తకంలోని ఆ పేజీతో మళ్ళీ పని పడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో సిలిండర్లకు బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు వేయించిన ఇంజన్ లెక్కకు కొత్త ఇంజనే. ఓవర్‌హాల్ చేసిన ఇంజన్‌కూ, మార్చిన బ్రేకులకూ కొత్త కారు నియమాలే పాటించమని హోండా పుస్తకం స్పష్టంగా రాస్తుంది. క్లచ్ ప్లేటు మార్పించినవారు గ్యారేజీ నుంచి బయటికొచ్చిన రోజు నుంచి మరో 500 కిలోమీటర్లు హాఫ్ క్లచ్‌కు దూరంగా ఉండాలి. ప్యాడ్‌లు మార్పించినవారు 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు తగ్గించాలి. ఆ రోజు ఓడోమీటరు అంకెను ఫోనులోనో, సర్వీసు పుస్తకం అంచునో రాసి పెట్టుకుంటే లెక్క తప్పదు.